తొట్టికీ తోడు కావాలి

భీమవరం, కైకలూరు వైపు చెరువు గట్ల మీద ఇద్దరు రైతులు కలిస్తే చేప ధర ఎంతుందన్న మాట ముందొస్తుంది. ఆ వెంటనే వచ్చేది, ‘నీ చెరువులో అమోనియా ఎంత చూపించింది?’ అన్న ప్రశ్న. నీళ్లు సీసాలో పట్టి ఆక్వా ల్యాబుకు తీసుకెళ్లడం, పీహెచ్, డీవో (నీటిలో కరిగిన ప్రాణవాయువు), నైట్రైట్ అంకెలు చూసుకుని మేత తగ్గించడం, ఏరేటర్లు తిప్పడం, జియోలైట్ చల్లడం అక్కడ సాగులో భాగమైపోయాయి. బడిలో సైన్సు ఎంతవరకు చదివారన్న దానితో పనిలేదు. చేప బతికితేనే అప్పు తీరుతుంది కాబట్టి ఆ మాటలు నోటికెక్కాయి.

హైదరాబాదులోనో విజయవాడలోనో హాల్లో రెండడుగుల గాజు తొట్టి పెట్టుకున్న ఇంట్లో మాత్రం అవి వినపడవు. తొట్టి, రంగురాళ్లు, ప్లాస్టిక్ మొక్క, బుడగలొదిలే బొమ్మ ఒకే ఆటోలో ఇంటికొస్తాయి. ‘రెండ్రోజులు మోటారు ఆన్‌లో పెట్టి నీళ్లు తిరగనివ్వండి సార్, తర్వాత చేపలేసుకోండి’ అన్నది కొట్లో చెప్పే ఏకైక జాగ్రత్త. మూడోరోజున అరడజను గోల్డ్‌ఫిష్‌లు దిగుతాయి. వారం తిరిగేసరికి ఒకటి పైకొచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది, ఇంకో వారానికి సగం పోతాయి. నీళ్లు చూస్తే అద్దంలా తేటగా ఉంటాయి. అందరూ మోసపోయేది అక్కడే. అమోనియాకు రంగు లేదు. చేపను చంపే మోతాదులో మన ముక్కుకు అందే వాసన కూడా లేదు.

చేప ఒంట్లోని నత్రజని వ్యర్థంలో ఎక్కువ భాగం మొప్పల నుంచి అమోనియాగా నేరుగా నీళ్లలోకి వచ్చేస్తుంది. చేపల పెంపకంలో వాడే మోటు లెక్క ఒకటుంది: కిలో మేతకు దాదాపు 30 గ్రాముల అమోనియా నత్రజని. పిల్లలు ముద్దుకొద్దీ చిటికెడు చిటికెడు వేస్తూ రోజుకొక గ్రాము మేత వేశారనుకుంటే, అది 30 మిల్లీగ్రాములు. 50 లీటర్ల తొట్టిలో లీటరుకు 0.6 మిల్లీగ్రాములు, అదీ ఒక్క రోజుకే. తినకుండా అడుగున కుళ్లిన మేత దీనికి అదనం. ఏటిలో అయితే ప్రవాహం ఇదంతా మోసుకుపోతుంది. గాజు గోడల మధ్య అది ఎక్కడికీ పోదు.

మరి కొన్ని తొట్లు ఏళ్ల తరబడి ఎలా నడుస్తున్నాయి? ఈ ప్రశ్నకు జవాబు వెతికినవారిలో ఒకే ఇంటి తండ్రీకొడుకులు ఉన్నారు, ఇద్దరి పేరూ రాబర్ట్ వారింగ్టనే. తండ్రి లండన్‌లో రసాయన శాస్త్రవేత్త. 1849లో ఆయన 12 గ్యాలన్ల గాజుపాత్రలో, అంటే సుమారు 54 లీటర్ల నీటిలో, రెండు చిన్న గోల్డ్‌ఫిష్‌లను, వాలిస్నేరియా అనే నీటిమొక్కను పెట్టారు. అడుగున ఇసుక, మట్టి, రాళ్లు. మొక్క ఆకులు కుళ్లి నీళ్లు చెడిపోతుంటే వాటిని తినడానికి నత్తల్ని తెచ్చి వదిలారు. తొట్టి కుదురుకుంది. మొక్క ప్రాణవాయువు ఇస్తుంది, చేప వాడుకుంటుంది, కుళ్లును నత్త తింటుంది, దాని గుడ్లు చేపకు మేత అవుతాయి అని 1850లో ఆయన వివరించారు. అక్వేరియం మోజు ఇంగ్లండును ఊపేసింది ఆ తర్వాతే. లండన్ జూలో మొదటి చేపల ప్రదర్శనశాల 1853లో తెరిచారు.

ఆ వివరణ తప్పు కాదు గానీ సగమే. అడుగున ఇసుకకు అంటుకుని పని చేస్తున్నవాళ్లు ఆయన లెక్కలోకి రాలేదు. రావడానికి వీల్లేదు కూడా, అలాంటివి ఉన్నాయని అప్పటికి ఎవరికీ తెలియదు. 1877లో ఫ్రాన్స్‌లో ష్లోసింగ్, మ్యూంజ్ అనే ఇద్దరు మురుగునీటిని ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టంలోంచి వదిలి, అమోనియా నైట్రేట్‌గా మారడం గమనించారు. క్లోరోఫామ్ పట్టించగానే ఆ మార్పు ఆగిపోయింది. అంటే చేస్తున్నది ప్రాణమున్న జీవులే. ఈ దారి పట్టుకుని ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఏళ్ల తరబడి పనిచేసింది కొడుకు వారింగ్టన్. మార్పు రెండు అంచెల్లో జరుగుతుందని, ముందు అమోనియా నైట్రైట్ అవుతుందని, తర్వాత అది నైట్రేట్ అవుతుందని ఆయన తేల్చారు. ఆ జీవుల్ని విడదీసి పట్టుకోవడం మాత్రం ఆయన వల్ల కాలేదు. 1890లో జ్యూరిక్‌లో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ ఆ పని చేశారు. మామూలు బ్యాక్టీరియాను పెంచే సేంద్రియ మేత వీటికి అక్కర్లేదని గ్రహించడమే ఆయన గెలుపు. ఇవి అమోనియానే ఇంధనంగా మండించుకుని, గాలిలోని కార్బన్‌తో ఒళ్లు కట్టుకుంటాయి.

తండ్రి బల్లమీది తొట్టిలో జరుగుతున్నదాన్ని కొడుకు పొలం మట్టిలో కనిపెట్టడం విజ్ఞాన చరిత్రలోని చమత్కారాల్లో ఒకటి.

కథ అక్కడితో ఆగలేదు. నైట్రైట్‌ను తినేది నైట్రోబ్యాక్టర్ అని అక్వేరియం పుస్తకాలు చాలాకాలం వల్లె వేశాయి. 1998లో టిమొతీ హోవనెక్ బృందం మంచినీటి తొట్లలో వెతికితే ఆ పని చేస్తున్నది నైట్రోస్పైరా అని తేలింది. 2011లో కెనడా పరిశోధకులు ఇళ్లలోని ఫిల్టర్లను పరీక్షించి, చాలాచోట్ల అమోనియా పని చూసేది అసలు బ్యాక్టీరియానే కాదని, ఆర్కియా అనే వేరే జాతి సూక్ష్మజీవులని చూపారు. 2015లో రెండు అంచెలనూ ఒక్కటే చేసేసే నైట్రోస్పైరా రకం దొరికింది. దాన్ని పట్టుకున్న బృందాల్లో ఒకటి వెతికింది చేపల పెంపకం ఫిల్టర్‌లోనే. ‘బ్యాక్టీరియా’ అని లేబుల్ వేసి అమ్మే సీసా కొనేముందు ఇదంతా గుర్తుంచుకోవడం పర్సుకు మంచిది.

ఈ జీవులు నీళ్లలో తేలుతూ ఉండవు. స్పాంజికి, ఇసుకకు, గాజుకు జిగురుపొరలా పట్టుకుంటాయి. పెరగడం మహా నెమ్మది. మామూలు బ్యాక్టీరియా అరగంటకు రెట్టింపైతే, వీటికి రోజు పట్టవచ్చు. అందుకే కొత్త తొట్టి కుదురుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, మన వేసవిలో కాస్త తక్కువ. చేపల్లేకుండానే లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున అమోనియా పోసి, 24 గంటల్లో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చేదాకా ఆగడం పద్ధతి తెలిసినవాళ్లు చేసే పని. అంతకంటే తేలికైన దారి, నాలుగు నెలలుగా నడుస్తున్న తొట్టిలోంచి వాడిన స్పాంజి ముక్క తెచ్చి కొత్త ఫిల్టర్‌లో పెట్టడం. పాలకు తోడు వేసినట్టే. ఇచ్చే ఇంట్లో చేపలకు జబ్బు లేదని చూసుకోవాలి, అంతే.

మధ్యలో వచ్చే నైట్రైట్ ఘట్టం కూడా ప్రమాదమే. అది మొప్పల ద్వారా రక్తంలో చేరి హిమోగ్లోబిన్‌ను పనికిరాకుండా చేస్తుంది. నీటిలో ప్రాణవాయువు ఉన్నా చేప ఊపిరాడక పోతుంది, రక్తం గోధుమ రంగుకు తిరుగుతుంది. చెరువు రైతులు ఇలాంటప్పుడు కళ్లుప్పు చల్లుతారు. ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్ప గడప దగ్గరే అడ్డుకుంటుంది. ఇంటి తొట్టికీ అదే మందు, కాకపోతే చిటికెల్లో. జబ్బేదో తెలియకుండా నీలం మందు, అంటే మిథిలీన్ బ్లూ, పోసేవాళ్లు ఫిల్టర్‌లోని జీవులకే ఎసరు పెడుతున్నారు.

నీటి సంగతికొస్తే, ఒకే అమోనియా అంకె రెండు ఇళ్లలో రెండు రకాలుగా పనిచేస్తుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉన్న నీటిలో మొత్తం అమోనియాలో విషరూపం 0.6 శాతమే. పీహెచ్ 8 అయితే 5 శాతం దాటుతుంది, 9 అయితే మూడో వంతు పైనే. బోరునీళ్లు పోసే ఇళ్లలో పీహెచ్ తరచూ 8 చుట్టూ ఉంటుంది కాబట్టి అక్కడ పొరపాటుకు చోటు తక్కువ. పంపునీళ్లతో చిక్కు క్లోరిన్. కొట్లో దొరికే హైపో పలుకులు దాన్ని క్షణాల్లో విరుస్తాయి.

మంచివని ఆర్ఓ నీళ్లు పోసే ఇళ్లూ ఉన్నాయి. అది మనుషుల లెక్క. ఫిల్టర్ జీవులు పనిచేసేకొద్దీ నీటిలో ఆమ్లం పుడుతుంది. ఒక గ్రాము అమోనియా నత్రజనిని మార్చడానికి ఆ ఆమ్లాన్ని విరిచే సున్నపు గుణం ఏడు గ్రాములకు పైగా ఖర్చవుతుంది. ఆర్ఓ నీళ్లలో ఆ నిల్వే ఉండదు. నీళ్లు మార్చకుండా వదిలేసిన పాత తొట్లలోనూ అది హరించుకుపోతుంది. పీహెచ్ 6కు దిగితే జీవులు పని దాదాపు మానేస్తాయి, అమోనియా పేరుకుంటుంది, కానీ ఆమ్లపు నీటిలో అది విషం కాని రూపంలో ఉండిపోతుంది కాబట్టి చేపలు ఎలాగో బతుకుతుంటాయి. పండక్కి ఇల్లు దులిపేరోజున ఎవరో పుణ్యం కట్టుకుని నీళ్లు దాదాపు అన్నీ తోడేసి బోరునీళ్లు నింపుతారు. పీహెచ్ ఒక్కసారి లేస్తుంది, మిగిలిన అమోనియా విషమవుతుంది. ‘శుభ్రం చేస్తే చచ్చిపోయాయి’ అని ఇంట్లో చెప్పుకునే కథల్లో చాలావాటి వెనక జరిగింది ఇదే.

కాబట్టి వారానికి పావు వంతు నీళ్లు మార్చాలి, నైట్రేట్ లీటరుకు 40 మిల్లీగ్రాములు దాటనివ్వకూడదు. మనీప్లాంటు వేళ్లు నీళ్లలోకి వదిలితే అది కొంత నైట్రేట్ లాగేస్తుంది. స్పాంజిని కుళాయి కింద రుద్ది కడగకూడదు, తొట్టిలోంచి తీసిన నీళ్ల బకెట్‌లోనే రెండుసార్లు పిండితే చాలు. కరెంటు పోయినప్పుడు స్పాంజి ఫిల్టర్‌కు బ్యాటరీ ఎయిర్‌పంపు తగిలించుకోవచ్చు. మూతబిగించిన క్యానిస్టర్ ఫిల్టర్‌కు ఆ సౌకర్యం లేదు, నీళ్లు కదలకపోతే కొన్ని గంటల్లోనే లోపల ప్రాణవాయువు అయిపోయి కుళ్లు మొదలవుతుంది. కరెంటు రాగానే అది మొదట కక్కేది ఆ కుళ్లునీళ్లనే. ఏప్రిల్, మే నెలల్లో సగంపూట కరెంటు పోయే ఊళ్లలో ఉన్నవాళ్లు దాన్ని విప్పి, తొట్టినీళ్లతో తొలిచి, ఆ తర్వాతే స్విచ్ వేయాలి.