నల్లగోధుమ సీమ నుంచి రాగుల సీమ దాకా

ఫ్రాన్సు పడమటి కొసన ఉంటుంది బ్రిటనీ. మూడు పక్కలా సముద్రం, ముసురు, పుల్లటి నేల. గోధుమ సరిగా ఎదగని ఆ నేలలో శతాబ్దాల పాటు పేదల కడుపు నింపింది నల్లగోధుమ. ఉత్తరాదివాళ్లు ఉపవాసాల్లో తినే కుట్టు పిండి దీనిదే. పేరులో గోధుమ ఉంది గానీ ఇది గడ్డిజాతి మొక్క కాదు. దాని పిండితో పోసిన పల్చటి అట్టును అక్కడ గాలెట్ అంటారు. ఇరవయ్యో శతాబ్దంలో వేరే పంటలు వచ్చి నల్లగోధుమను చేలగట్ల దాకా తరిమాయి. అలాంటి పంటతో విస్కీ కాచాలని ప్లొమెలాఁ అనే ఊళ్లో ల లే కుటుంబం పూనుకుంది. అంతకుముందు వాళ్లు ఆపిల్ పళ్ల సారా కాచేవాళ్లు. నల్లగోధుమను నీళ్లలో ఉడికిస్తే జిగురులా సాగుతుంది, అడుగంటుతుంది. అయినా వదల్లేదు. 2002లో ‘ఎడ్యు’ పేరుతో సీసా బయటికొచ్చింది.

తమిళనాడు కృష్ణగిరి జిల్లాలోని ఉద్దనపల్లి మనిషికి ఈ కథ చప్పున అర్థమవుతుంది. హోసూరు నుంచి రాయకోటకు పోయే దారిలో వానాకాలం పైరంటే ముందు రాగులే. సాళ్ల మధ్య అనపకాయలు, అక్కడక్కడా ఆవాలు. సంగటి తిని పెరిగిన తరాలు ఇక్కడివి. తర్వాత టమోటా వచ్చింది, గులాబీ తోటలు వచ్చాయి, ఫ్యాక్టరీలు వచ్చాయి. సిప్‌కాట్ పారిశ్రామిక వాడ కోసం మా భూములు తీసుకోవద్దంటూ 2023లో ఉద్దనపల్లి, నాగమంగళం, అయర్నపల్లి రైతులు రోజుల తరబడి ధర్నాకు కూర్చున్నారు. 2024-25లో రాగులకు కేంద్రం ఇచ్చిన మద్దతు ధర క్వింటాలుకు 4,290 రూపాయలు. ఆ ధర చూసుకుని పొలం నిలుపుకోవడం కష్టం. నల్లగోధుమకు దొరికిన మర్యాద రాగులకు ఎందుకు దొరకదన్నది నన్ను వదలని ప్రశ్న.

ఫ్రాన్సులో విస్కీ అంటే మనవాళ్లు వింతగా చూస్తారు. ఫ్రాన్సంటే ద్రాక్షసారా, కొన్యాక్ అనే అలవాటు మనది. నిజానికి విస్కీకి కావలసినవన్నీ అక్కడ ముందునుంచీ ఉన్నాయి. మొలకెత్తించిన ధాన్యం, అంటే మాల్ట్ ఎగుమతిలో ఆ దేశం ప్రపంచంలోనే ముందు వరసలో ఉంది. కొన్యాక్ కాచేవాళ్ల దగ్గర మంచి బట్టీలున్నాయి. పదిహేడో శతాబ్దంలో మంత్రి కొల్బేర్ నౌకాదళం కోసం కాపాడించిన త్రోన్సే ఓక్ అడవి ఈనాటికీ పీపాలకు చెక్క ఇస్తోంది. విస్కీ తాగేవాళ్లకూ కొదవ లేదు. కాకపోతే తాగింది స్కాట్లండు సరుకు. లాన్యోఁ పట్టణంలో 1900లో మొదలైన వారంగేమ్ సంస్థ 1987లో డబ్ల్యూబీ పేరుతో బ్లెండెడ్ విస్కీనీ, 1998లో అర్మోరిక్ పేరుతో సింగిల్ మాల్ట్‌నూ తెచ్చింది. ఇప్పుడు దేశమంతటా వందకు పైగా బట్టీలు ఉన్నాయి.

ప్రాంతాన్ని బట్టి తీరు మారుతుంది. లొరేన్‌లోని రొజెల్యూర్‌లో ఒక రైతు కుటుంబం బార్లీ తామే పండించి, మొలకెత్తించి, కాచి, మాగబెడుతుంది. ఆల్ప్స్ కొండల్లో దొమేన్ దే ఓత్ గ్లాస్ సేంద్రియ ధాన్యాన్ని పొలం పొలంగా విడదీసి కాస్తుంది. కోర్సికాలో పియెత్రా బీరు సంస్థ, మావెలా బట్టీ కలిసి విస్కీ తీశాయి. ఆల్సాస్‌వాళ్లు పళ్ల సారా కాచిన అనుభవాన్ని బార్లీ మీదికి మళ్లించారు. బ్రిటనీ, ఆల్సాస్ విస్కీలకు 2015లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాచడం, మాగబెట్టడం ఆ సీమలోనే జరిగితేనే ఆ పేరు వాడుకోవాలి.

నేను రుచి చూసిన వాటిలో అర్మోరిక్ సౌమ్యమైనది. పండిన పియర్, మాల్ట్ తీపి, మింగాక నాలుక అంచున కొద్దిగా ఉప్పదనం. కొర్నోగ్‌లో పీట్ అనే బొగ్గుమట్టి పొగ ముందే పలకరిస్తుంది, అది కూడా బ్రిటనీ తీరానిదే. ఎడ్యు వేరే దారి. మొదట తేనె, పూల వాసన, ఆ వెనక రాగులు పెనం మీద దోరగా వేగుతున్నప్పుడు వంటింటి నిండా కమ్ముకునే వాసన. ఆ వాసన దగ్గరే నేను ఆగిపోయాను. ఇలాంటి వాటిలో సోడా, ఐసు పోయకూడదు. మూతి సన్నగా ఉన్న గ్లాసులో కాస్తంత పోసుకుని, కొద్ది చుక్కలు నీళ్లు కలిపి, ముందు ముక్కుతో తెలుసుకోవాలి. నీళ్లు పడ్డాక అణిగి ఉన్న వాసనలు పైకి లేస్తాయి. అలా తాగితే చాలా కొంచెంతోనే తనివి తీరుతుంది.

మద్యం గురించి ఈ ప్రాంతంలో మాట్లాడేవాళ్లెవరూ రాజాజీని దాటిపోలేరు, దాటిపోకూడదు కూడా. ఆయన పుట్టిన తొరపల్లి హోసూరు పక్కనే. మద్రాసు ప్రధానిగా ఆయన 1937 అక్టోబరు 1న మద్యనిషేధం మొదలుపెట్టింది సేలం జిల్లాలో. హోసూరు అప్పుడు ఆ జిల్లాలోనిదే. మరుసటి ఏడు చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించారు. పోయిన రాబడిని పూడ్చుకోవడానికి 1939లో అమ్మకం పన్ను తెచ్చారు. నిషేధాన్ని 1971లో మొదటిసారి ఎత్తేశారు. 2003 నుంచి తమిళనాడులో చిల్లర మద్యం అమ్మే హక్కు ప్రభుత్వ సంస్థ టాస్మాక్‌ది. ఆ దుకాణాల వల్ల చితికిన ఇళ్లు ఈ పల్లెల్లో లేవని ఎవరూ అనలేరు. రాజాజీ బాధ నిజమైనది. నేను కోరేది ఇంకో దుకాణం కాదు. ధాన్యం పేరు, ఊరి పేరు దాచుకోనక్కర్లేని సరుకు, తక్కువగా తయారయ్యేది, ఏళ్లు పట్టేది. చౌక సీసాల్లో ఉన్నదేమిటో తాగేవాడికి తెలియదు. విస్కీ పేరుతో మన దగ్గర పోయే సరుకులో చాలావాటికి చెరకు మడ్డి స్పిరిటే ఆధారం. యూరప్ చట్టం దాన్ని విస్కీగా ఒప్పుకోదు. అక్కడ ధాన్యం కావాలి, చెక్క పీపాల్లో కనీసం మూడేళ్లు ఉండాలి, నలభై శాతానికి తగ్గకూడదు.

మంచి విస్కీ కాయడం మన పీఠభూమికి కొత్తేమీ కాదు. బెంగళూరులో 1948లో పుట్టిన అమృత్ సంస్థ తన సింగిల్ మాల్ట్‌ను 2004 ఆగస్టులో విడుదల చేసింది, అదీ స్కాట్లండులోని గ్లాస్గోలో. భారతీయ బార్లీకి స్కాట్లండు పీట్ బార్లీ కలిపిన అమృత్ ఫ్యూజన్‌ను 2010లో విస్కీ విమర్శకుడు జిమ్ మరీ తన విస్కీ బైబిల్‌లో ప్రపంచంలో మూడో ఉత్తమ విస్కీగా ఎంచాడు. బెంగళూరు వేడికి పీపాల్లోంచి ఏడాదికి పది శాతానికి పైనే ఆవిరైపోతుంది. స్కాట్లండులో అది రెండు శాతమే. నష్టం పెద్దదే, కానీ చెక్క సారం త్వరగా దిగుతుంది. హోసూరుదీ దాదాపు అదే ఎత్తు, అదే గాలి.

అయితే అమృత్ వాడే భారతీయ బార్లీ ఉత్తరాది నుంచి వస్తుంది. కళ్లెదుట ఉన్న రాగులను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మొలకెత్తించడానికి రాగులంత అనువైన చిరుధాన్యం మరొకటి లేదు. పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే గుణం రాగి మొలకల్లో బలంగా ఉంటుంది. పసిపిల్లలకు మన అమ్మలు పట్టే మాల్ట్ రహస్యమదే. మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ దీని మీద దశాబ్దాలుగా పరిశోధనలు చేసింది. హిమాలయాల్లో లింబూ తెగవాళ్లు రాగులు పులియబెట్టి, వేణ్నీళ్లు పోసి తోంగ్బా తాగుతారు. అంటే పులిసిన రాగుల రుచి ఈ దేశానికి తెలిసినదే, దాన్ని విస్కీగా పీపాలో మాగబెట్టడమే మిగిలింది.

చిక్కులు లేకపోలేదు. బార్లీ గింజకు పొట్టు ఉంటుంది, గుజ్జు వడకట్టేటప్పుడు ఆ పొట్టే జల్లెడవుతుంది. రాగికి పొట్టు లేదు, గింజ ఆవగింజంత. కాబట్టి కొంత బార్లీ కలపాలి, లేదంటే వడకట్టకుండానే పులియబెట్టి కాచాలి. జిగురు నల్లగోధుమతో ప్లొమెలాఁవాళ్లు పడ్డ పాట్లు ఇక్కడ పాఠంగా పనికొస్తాయి. ఇక రైతు వైపు చూస్తే, ధర ముందే రాసుకోవాలి, మద్దతు ధర కంటే ఎక్కువ ఇవ్వాలి, ఏ చేలో పండినదో లెక్క ఉండాలి. రొజెల్యూర్‌లో రైతే యజమాని కాబట్టి ఆ లెక్క తప్పదు. ఇక్కడ రైతుల సంఘానికి వాటా ఇస్తే తప్ప అది కుదరదు. లైసెన్సు, పెట్టుబడి ఉన్నవాళ్లు బెంగళూరులో ఉన్నారు. కార్తీకం వెళ్లాక ఉద్దనపల్లి కళ్లాల్లో రాగులు నూరుస్తారు, వాళ్లు అప్పుడొచ్చి గింజ చూడవచ్చు. లేబులు మీద మాత్రం ‘రాగులు, ఉద్దనపల్లి’ అని తెలుగులోనూ తమిళంలోనూ అచ్చు వేయాలి.