చెప్పులు విడిచి కొండ ఎక్కడానికి సిగ్గెందుకు?

తిరుమల కొండకు కాలినడకన వెళ్ళాలని ఎంతోకాలంగా ముచ్చటపడుతూ, ఆ పని ఇంతవరకు చేయని వారు మన చుట్టూ చాలామంది ఉన్నారు. కారణం అడిగి చూడండి. తీరిక లేదంటారు. ఎండలంటారు. కాస్త చనువు తీసుకుని గుచ్చి అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. "చెప్పులు లేకుండా బయట నాలుగడుగులు వేసి ఎన్నేళ్ళయిందో! నేను కుంటుకుంటూ నడుస్తుంటే చూసేవాళ్ళు నవ్వరా?" అంటారు. ఆడవాళ్ళయితే, "పగిలిన మడమలు పదిమందిలో ఎలా చూపించమంటారు?" అంటారు. ఇక ఆఫీసరుగారికి తన కింద పనిచేసే వాళ్ళెవరైనా మెట్ల మీద ఎదురవుతారేమోనని బెంగ.

ఈ సిగ్గు చిన్న విషయమేమీ కాదు. దీనివల్ల కొందరు ఒంటికి మేలు చేసే నడకకు దూరమవుతున్నారు. మరికొందరు ఇదే సిగ్గువల్ల, నడవకూడని కాళ్ళతో నడిచి పుండ్లు తెచ్చుకుంటున్నారు. రెండు రకాల వారితోనూ ఈ వారం మాట్లాడదాం.

ఈ సిగ్గు ఎక్కడిది?

కొండ మీదికి మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది. రెండోది 1974లో పూర్తయింది. అంతకు ముందు డోలీ ఎక్కగలిగిన కొద్దిమంది తప్ప, జమీందారైనా జీతగాడైనా కాళ్ళను నమ్ముకోవలసిందే. మీ తాతగారో, ఆయన తండ్రిగారో స్వామిని చూసి ఉంటే బహుశా అలా చూసినవారే.

అయితే మరో మాట కూడా చెప్పుకోవాలి. ఒకప్పుడు మన పల్లెల్లో కొన్ని కులాల వారు పెద్దలనిపించుకున్న వారి వీధుల్లో చెప్పులు తొడుక్కుని నడవడానికి వీలుండేది కాదు. చేత పట్టుకుని నడవవలసి వచ్చేది. ఆ అవమానం గుర్తున్న ఇళ్ళలో పిల్లవాడికి జత చెప్పులు కొనివ్వడమంటే ఆత్మగౌరవం కొనివ్వడమే. కనుక ఎవరైనా చెప్పులు విడవడానికి సంకోచిస్తే వెక్కిరించకండి. ఒకరు విడిపించడం వేరు, మనంతట మనం విడవడం వేరు.

మనంతట మనం విడవడానికి అందమైన ఉదాహరణ మన దగ్గరే ఉంది. తాళ్ళపాక అన్నమాచార్యులవారు (1408-1503) ఎనిమిదేళ్ళ బాలుడిగా మొదటిసారి కొండెక్కుతూ, కాళ్ళకు చెప్పులతోనే మోకాళ్ళ పర్వతం దాకా వచ్చి సొమ్మసిల్లి పడిపోయాడట. అలమేలుమంగమ్మ కనిపించి, ప్రసాదం తినిపించి, ఈ కొండ సాలగ్రామమయమనీ, చెప్పులు విడిచి ఎక్కమనీ చెప్పిందట. ఆయన మనుమడు చిన్నన్న రాసిన ద్విపద చరిత్రలో ఈ కథ ఉంది. భక్తుల సంగతి అలా ఉంచి, వైద్యుడిగా నాకు అందులో నచ్చినదేమిటంటే, ఆ తల్లి సొమ్మసిల్లిన పిల్లవాడికి కడుపు నింపింది. మందలించలేదు, నవ్వలేదు.

పాదం అంత సుకుమారమైనదా?

ఒక్కొక్క పాదంలో ఇరవై ఆరు ఎముకలున్నాయి. వాటిని పట్టి ఉంచే కండరాలు, నరాలు, బంధనాలు కలిసి పాదం కింద విల్లులాంటి వంపును నిలబెడతాయి. శరీరంలో చర్మం అన్నిటికన్నా మందంగా ఉండే చోటు అరికాలే. మడమ కింద కొవ్వు మెత్తలా అమరి ఉంటుంది. అరికాలి కింద ఏముందో నరాలు క్షణక్షణం మెదడుకు చేరవేస్తుంటాయి. అందుకే చెప్పులు లేనివాడు అడుగు మెత్తగా, చిన్నదిగా వేస్తాడు. మందపాటి బూటులో ఉన్నవాడు మడమను దబ్బున కొడతాడు.

మన పొరుగు రాష్ట్రం కర్ణాటకలో ఇద్దరు వైద్యులు 2,300 మంది పిల్లల పాదాలు పరీక్షించి 1992లో ఫలితాలు ప్రకటించారు. చెప్పులు వాడే పిల్లల్లో నూటికి 8.6 మందికి చదును పాదాలుంటే, వాడని వారిలో 2.8 మందికే ఉన్నాయి. కెన్యాలో చేసిన మరో పరిశోధన 2019లో వెలువడింది. చెప్పులు లేకుండా తిరిగేవారి అరికాలు కాయ కట్టి మందమవుతుంది కానీ దాని స్పర్శజ్ఞానం తగ్గదని అందులో తేలింది. ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా 1960లో రోమ్ ఒలింపిక్స్ మారథాన్ పరుగును ఉత్త కాళ్ళతో గెలిచాడు.

అయితే ఈ మాటలు చదివి రేపే బయలుదేరకండి. బికిలా పాదాలకున్న అలవాటు మీ పాదాలకు లేదు. ఇరవై ఏళ్ళు చెప్పుల్లో దాగిన కాలికి కనీసం నాలుగు వారాల సాధన కావాలి.

నాలుగు వారాల సాధన

మొదటి వారం ఇంట్లోనే మొదలుపెట్టండి. రోజూ పావుగంట ఉత్త కాళ్ళతో నేల మీద నడవండి. ఎవరూ చూడరు కనుక సిగ్గూ ఉండదు. రాత్రి పడుకునే ముందు పాదాలను గోరువెచ్చని నీటిలో పది నిమిషాలుంచి, మడమలను మెత్తగా రుద్ది, తుడిచి, కొబ్బరినూనె కాని వాసెలిన్ కాని రాయండి. వేళ్ళ సందుల్లో మాత్రం రాయవద్దు, అక్కడ తడి నిలిస్తే ఒరుపు పుడుతుంది. ఈ పని రోజూ చేస్తే మామూలు పగుళ్ళు చాలావరకు పూడుకుంటాయి. నెత్తురు కనిపించే లోతైన పగుళ్ళుంటే అవి మానేదాకా ఉత్త కాళ్ళ నడక వద్దు.

రెండో వారం పెరటిలోనో, మేడ మీదనో, శుభ్రమైన గుడి ప్రాంగణంలోనో ఇరవై నిమిషాలు నడవండి. మూడో వారం మెట్లు ఎక్కడం కలపండి. నాలుగో వారం రాతి నేల మీద అరగంట నుంచి ముప్పావుగంట దాకా నడవండి. మర్నాడు మడమలో పోటు వస్తే ఒకటి రెండు రోజులు ఆగి, నడక సగానికి తగ్గించి మళ్ళీ మొదలుపెట్టండి.

సాధన అనగానే పొలాల గట్ల మీదికి పోకండి. మలవిసర్జనతో పాడైన మట్టిలో కొంకిపురుగు పిల్లలు అరికాలి చర్మం గుండానే ఒంట్లోకి దూరి, పేగులు చేరి, నెత్తురు పీల్చి పాండురోగం తెస్తాయి. చీకటిపడ్డాక చేలల్లో పాముల భయం సరేసరి. అక్కడ చెప్పులు, చేతిలో టార్చిలైటు ఉండి తీరాలి. ఉత్త కాళ్ళ నడక శుభ్రమైన చోటికే. పదేళ్ళుగా ధనుర్వాతం సూది వేయించుకోకపోతే ముందు అది వేయించుకోండి.

రెండో రకం సిగ్గు

ఇక అసలు విషయానికి వద్దాం. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టే దారి అది. అక్కడ చెప్పులు విడవడం ఆచారం. అందరూ విడిచినప్పుడు నేనొక్కణ్ణే తొడుక్కుంటే ఏమనుకుంటారోనని సిగ్గుపడి, ప్రమాదమని తెలిసీ విడిచే వారున్నారు. వారిలో ముఖ్యులు మధుమేహ రోగులు.

చాలాకాలంగా చక్కెర వ్యాధి ఉన్న వారిలో పాదాల నరాలు క్రమంగా మొద్దుబారతాయి. ముల్లు గుచ్చుకున్నా, బండ కాలినా తెలియదు. నా దగ్గరకు వచ్చిన ఒక పెద్దాయన ఏప్రిల్ నెల మిట్టమధ్యాహ్నం ఉత్త కాళ్ళతో నడిచారు. సాయంత్రం కాళ్ళు కడుక్కుంటుంటే భార్య చూసి కేక పెట్టిందట. రెండు అరికాళ్ళూ బొబ్బలెక్కి ఊడిపోతున్నాయి. "నొప్పి అనేదే లేదు సార్, ఉంటే ఆగేవాణ్ణి గదా! చెప్పులేసుకోమని మా ఆమె చెప్తానే ఉండింది. అందురూ చూస్తారని నేనే వద్దనుకుంటి" అన్నారాయన. ఆ పుండ్లు మానడానికి మూడు నెలలు పట్టింది. అంతటితో పోయినందుకు ఆయన అదృష్టవంతుడే. ఇలాంటి పుండు చీము పట్టి వేలు, కొన్నిసార్లు కాలే తీసివేయవలసి వచ్చే వారున్నారు.

ఈ సత్యాన్ని లోకానికి గట్టిగా చెప్పిన వైద్యుడు మనకు దగ్గరలోనే పనిచేశాడు. చిత్తూరు దాటి పోతే వచ్చే వేలూరులో, క్రిస్టియన్ వైద్య కళాశాలలో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగులకు చికిత్స చేసేవారు. రోగుల వేళ్ళు అరిగిపోవడానికి ముఖ్య కారణం స్పర్శ పోయాక తగిలే దెబ్బలూ, కాలుళ్ళూ, వాటిని పట్టించుకోకపోవడమేనని ఆయన నిరూపించారు. స్పర్శ లేని పాదాలను కాపాడటానికి మెత్తటి రబ్బరు చెప్పులు అక్కడి నుంచే ప్రచారంలోకి వచ్చాయి. నొప్పి మనకు శత్రువు కాదని, కావలివాడని ఆయన జీవితమంతా చెప్పారు. కావలివాడు నిద్రపోయిన ఇంటికి తలుపులు వేసి ఉంచాలి. మొద్దుబారిన పాదానికి చెప్పే తలుపు.

మీ పాదంలో స్పర్శ ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. పడుకుని కళ్ళు మూసుకోండి. ఇంట్లో వారిని మీ రెండు కాళ్ళ బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొసలను ఒక్కొక్కటిగా, వరుస తప్పించి, చూపుడువేలితో ఒకటి రెండు సెకండ్లు తేలికగా తాకమనండి. నొక్కకూడదు. తాకినప్పుడల్లా మీరు చెప్పాలి. ఆరింటిలో రెండు గాని అంతకు మించి గాని తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే. అలాంటి వారు మెట్లదారి మానుకుని బస్సులో వెళ్ళాలి, వైద్యునికి పాదాలు చూపించుకోవాలి. మాడవీధుల్లో చెప్పులు ఎటూ కుదరవు కనుక ఎండ లేని వేళ చూసుకుని, శుభ్రమైన నూలు మేజోళ్ళు తొడుక్కుని నడవండి. వచ్చాక అరికాళ్ళను అద్దం పెట్టుకునైనా చూసుకోండి. పరీక్షలో నెగ్గినా, పదేళ్ళకు పైగా చక్కెర వ్యాధి ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా ఉత్త కాళ్ళతో కొండెక్కవద్దు.

గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు, ఉబ్బసం, మూర్ఛ, మోకీళ్ళ వాతం ఉన్నవారికి మెట్లదారే మంచిది కాదు. అరవై దాటిన వారు వైద్యుని సలహా లేనిదే పూనుకోవద్దు.

బస్సులో వెళ్ళిన భక్తి తక్కువనుకునే వారికి ఒక మాట. అలిపిరిలో పాదాల మండపం దగ్గర భక్తులు స్వామివారి లోహపు పాదుకలను తలమీద పెట్టుకుని ప్రదక్షిణం చేస్తారు. చెప్పులను నెత్తిన పెట్టుకునే చోటు అది. అక్కడ కాలికి చెప్పు అవసరమైన రోగిని చిన్నచూపు చూసే వాడెవడైనా ఉంటే, తప్పు ఆ చూపుది.

బయలుదేరే రోజు

తిరుపతి నుంచి తిరుమలకు సుమారు ఏడు వందల మీటర్ల ఎత్తు ఎక్కాలి. అలిపిరి దారిలో మెట్లు దాదాపు 3,550. శ్రీనివాస మంగాపురం వైపు నుంచి వెళ్ళే శ్రీవారి మెట్టు దారిలో దాదాపు 2,388. రెండోది దగ్గరి దారే కాని నిట్టనిలువు. కొత్తవారికి అలిపిరి మేలు. గాలిగోపురం దాకానే కష్టం. ఆ తర్వాత చాలా దూరం చదునైన నడక, చివర మోకాళ్ళ మెట్టు. రామానుజులవారు కొండ మీద కాలు మోపడానికి మనసొప్పక మోకాళ్ళతో ఎక్కిన చోటని దానికి ఆ పేరు. మీరు కాళ్ళతోనే ఎక్కండి.

చల్లటి వేళ బయలుదేరండి. కడుపు నిండా తినవద్దు, ఖాళీ కడుపుతోనూ వద్దు. రెండు ఇడ్లీలు చాలు. వంద మెట్లకొకసారి నిలబడి, ఊపిరి కుదుటపడ్డాక కదలండి. పక్కవారితో మాట్లాడుతూ ఎక్కగలిగితే వేగం సరిగా ఉన్నట్టు. మాట తెగుతుంటే వేగం తగ్గించండి. గుండెలో బరువు, ఎడమచేతికి పాకే నొప్పి, చెమటలు, కళ్ళు తిరగడం, వీటిలో ఏది కనిపించినా అక్కడే కూర్చుని దారిలోని ప్రథమ చికిత్స వారిని పిలిపించండి. "ఇంకాస్తేగా" అనుకోవద్దు. దారి పక్కన అడవి ఉంది. 2023లో చిరుత దాడులు జరిగాక పిల్లలను తీసుకువెళ్ళే వేళల మీద దేవస్థానం ఆంక్షలు పెట్టింది. ఆ రోజు నిబంధనలేమిటో ముందే కనుక్కుని, పిల్లల చేయి వదలకుండా గుంపుతో నడవండి.

అరికాలిలో మంట పుట్టిన చోట బొబ్బ లేవబోతున్నట్టు. వెంటనే ఆగి ప్లాస్టర్ వేయండి. బొబ్బ లేస్తే చిదపవద్దు. దిగేటప్పుడు బస్సు ఎక్కండి. ఎక్కడం ఊపిరికి పరీక్ష అయితే, దిగడం మోకాళ్ళకు పరీక్ష. మొదటిసారికి ఒక్క పరీక్ష చాలు. మర్నాడు, ఆ మర్నాడు పిక్కలు పట్టేస్తాయి. అది జబ్బు కాదు, పని చేసిన కండరాల సలుపు.

ఇక జనం సంగతి. మెట్లదారిలో ప్రతివాడి చూపూ తన ముందున్న మెట్టు మీదే ఉంటుంది. మీ మడమల వంక చూసే తీరిక ఎవరికీ లేదు. అయినా సంకోచం వదలకపోతే మీకన్నా నెమ్మదిగా నడిచే స్నేహితుణ్ణి తోడు తీసుకోండి. అంతకన్నా ముందు, ఈ రాత్రి కాళ్ళు కడుక్కుని, అరికాళ్ళు ఒక్కసారి వెలుతురులో చూసుకోండి. ఇంట్లో పెద్దవారుంటే వారివి కూడా చూడండి. వేళ్ళ కొసలు తాకే ఆ చిన్న పరీక్ష వారికి కూడా చేయండి. కొండకు ఎవరు నడిచి వెళ్ళాలో, ఎవరు బస్సులో వెళ్ళాలో దాన్ని చూసి నిర్ణయించుకోండి, పక్కవాళ్ళ నోళ్ళను చూసి కాదు.