టెర్మినల్‌లో బొద్దు అక్షరాల ప్రదర్శన: లోపాలు, వాటి మూలాలు

వ్యాససంగ్రహం:
ఆదేశాలు టైపు చేసి పనిచేసే టెర్మినల్ తెర మీద బొద్దుగా కనిపించవలసిన అక్షరాలు ఒక్కోసారి మరో రంగులోకి మారతాయి, ఒక్కోసారి మామూలు మందంతోనే ఉండిపోతాయి, అరుదుగా పూర్తిగా కనిపించకుండా పోతాయి. సాధారణంగా ఈ లోపాన్ని ఖతికి ఆపాదించడం జరుగుతున్నది. అయితే ‘బొద్దు’ అనే గుణానికి సాంకేతిక ప్రమాణంలోనే రెండు అర్థాలు ఉండడం ఈ లోపాలలో అధికభాగానికి కారణమని ఈ వ్యాసం నిరూపిస్తుంది. లోపం ఏ అంచెలో ఉన్నదో తేల్చుకునే పద్ధతిని కూడా వివరిస్తుంది.

కీలక పదాలు: టెర్మినల్, బొద్దు అక్షరం, ఖతి, వర్ణపట్టిక, ఎక్స్‌టెర్మ్, సోలరైజ్డ్, టెర్మ్‌ఇన్ఫో.

1. ఉపోద్ఘాతం:
లినక్స్ వాడుకరులకు ‘ఎల్ఎస్’ ఆదేశం నిత్యపరిచయం. రంగుల సదుపాయం ఉన్నచోట అది డైరెక్టరీల పేర్లను బొద్దు నీలంలోను, నడపదగిన ఫైళ్ల పేర్లను బొద్దు ఆకుపచ్చలోను చూపుతుంది. కంటికి హాయిగా ఉంటుందని ఒక వాడుకరి ‘సోలరైజ్డ్’ అనే వర్ణపట్టికలోని ముదురు రూపాన్ని అమర్చుకున్నాడనుకుందాం. కొన్ని టెర్మినళ్లలో ఆ క్షణం నుంచి డైరెక్టరీల పేర్లు సాధారణ ఫైళ్ల పేర్ల రంగులోకే మారిపోతాయి. నడపదగిన ఫైళ్లు వెలసిన బూడిదరంగులోకి దిగుతాయి. దోషసందేశమేదీ రాదు. వాడుకరి ఖతిని అనుమానించి మరో ఖతి పెడతాడు, ఫలితం మారదు. మారకపోవడానికి కారణం తెలియాలంటే దాదాపు అయిదు దశాబ్దాల వెనక్కి వెళ్లాలి.

2. ప్రమాణంలోని ద్వంద్వార్థం:
టెర్మినల్‌కు అక్షరాలతో పాటు కొన్ని రహస్య సంకేతాలు కూడా అందుతాయి. ఎస్కేప్ అక్షరం, దాని తరువాత ఎడమ చదరపు బ్రాకెట్టు, ఒక సంఖ్య, చివర ఇంగ్లీషు చిన్న ఎమ్ అక్షరం కలిస్తే అది అక్షరరూపాన్ని మార్చే సంకేతమవుతుంది. ఆ సంఖ్య 31 అయితే ఎరుపు, 34 అయితే నీలం. సంఖ్య 1 అయితే ఏమిటి? ఈసీఎంఏ-48 ప్రమాణం దీనికి ఇచ్చిన నిర్వచనం ‘బొద్దు లేదా హెచ్చిన కాంతి’. ఈ ‘లేదా’ అన్న ఒక్క మాటలోనే తరువాతి చిక్కులన్నీ ఇమిడి ఉన్నాయి.

ఆ కాలానికి ఆ నిర్వచనం సమంజసమే. 1978లో డెక్ సంస్థ విడుదల చేసిన వీటీ100 వంటి యంత్రాలకు ఒకే అక్షరాకృతి ఉండేది. దానిని మరింత కాంతితో వెలిగించడమే నొక్కిచెప్పే మార్గం. అంతకుముందటి అచ్చు టెర్మినళ్లలో ఒక అక్షరాన్ని కొట్టి, వెనక్కి జరిగి, దాని మీదే మళ్లీ కొట్టేవారు. అక్కడ బొద్దు అంటే అక్షరాలా అదనపు సిరా. పర్సనల్ కంప్యూటర్ల టెక్స్ట్ తెరలో మరో ఏర్పాటు వచ్చింది. అక్షరం రంగుకు మూడు బిట్లు, కాంతికి ఒక బిట్టు. మూడు బిట్లతో ఎనిమిది రంగులు, కాంతి బిట్టుతో వాటికి ఎనిమిది ప్రకాశవంతమైన జోడీలు. గోధుమరంగుకు కాంతిని జోడిస్తే పసుపు వచ్చేది. 30 నుంచి 37 వరకు ఉన్న సంకేతాలు ఎనిమిది రంగులకే సరిపోతాయి కనుక, మిగిలిన ఎనిమిదింటి కోసం ప్రోగ్రాములు రాసేవారు సంకేతం 1ని వాడుకోవడం అలవాటు చేసుకున్నారు. బొద్దు కావాలని కాదు, పసుపు కావాలని. ప్రకాశవంతమైన రంగులను నేరుగా అడిగే 90 నుంచి 97 వరకు గల సంకేతాలు వ్యాప్తిలోకి వచ్చిన తరువాత కూడా ఆ అలవాటు పోలేదు.

1984లో మొదలైన ఎక్స్‌టెర్మ్, దాని బాటలో వచ్చిన చిత్రాత్మక టెర్మినళ్లు నిజమైన బొద్దు ఖతిని చూపగలిగాయి. కానీ పాత ప్రోగ్రాములు చెడిపోకుండా ఉండేందుకు వాటిలో చాలా భాగం రెండు పనులూ కలిపి చేశాయి: అక్షరాన్ని లావు చేయడం, రంగును ప్రకాశవంతమైన జోడీకి మార్చడం.

3. సోలరైజ్డ్ ఉదాహరణ:
2011లో ఈథన్ స్కూనోవర్ రూపొందించిన సోలరైజ్డ్‌లో పదహారు రంగులు ఉన్నాయి. వాటిలో ఎనిమిది మాత్రమే అసలైన వర్ణాలు. తక్కినవి నేపథ్యానికి, సాధారణ పాఠ్యానికి ఉద్దేశించిన తటస్థ ఛాయలు. పదహారు గడులలోనే అన్నీ ఇమడాలి కనుక, ఆ ఛాయలలో ఆరింటిని ప్రకాశవంతమైన రంగుల గడులలో ఉంచారు. నీలం 4వ గడిలో ఉంది. దానికి కాంతిని జోడిస్తే 12వ గడి వస్తుంది. అక్కడ ఉన్నది లేతనీలం కాదు, ముదురు రూపంలో సాధారణ పాఠ్యానికి వాడే బూడిదరంగు. ఆకుపచ్చ 2 నుంచి 10కి వెళ్లి మరింత మసక ఛాయ అవుతుంది. అన్నిటికన్నా ప్రమాదకరమైనది నలుపు: 0కి కాంతి కలిస్తే 8వ గడి, అది ముదురు రూపపు నేపథ్యమే. బొద్దు నలుపులో రాసిన వాక్యం తెర మీద ఉన్నా కంటికి కనబడదు. అది ఒక హెచ్చరిక అయినా సరే.

ఇక్కడ వర్ణపట్టికది తప్పా, టెర్మినల్‌ది తప్పా అన్న వాదం చాలాకాలం నడిచింది. ప్రమాణం రెండు అర్థాలకూ చోటిచ్చినందున ఏ ఒక్కరినీ తప్పుపట్టడం న్యాయం కాదు. అయితే రంగును ఎంచుకునే హక్కు ప్రోగ్రాముదని, దానిని టెర్మినల్ తనంత తానుగా మార్చరాదని భావించే పక్షమే క్రమంగా బలపడింది. 2018లో వచ్చిన గ్నోమ్ టెర్మినల్ 3.28 ఈ రెండింటినీ విడదీసి, బొద్దు అక్షరాలకు ప్రకాశవంతమైన రంగు ఇవ్వడాన్ని ఐచ్ఛికం చేసింది; వాడుకరి కోరితే తప్ప అది పనిచేయదు. ఎక్స్‌టెర్మ్‌లో ‘బోల్డ్‌కలర్స్’ అనే అమరిక ఇదే పని చేస్తుంది. మ్యాక్ టెర్మినల్‌లో బొద్దు ఖతికి, ప్రకాశవంతమైన రంగుకు విడివిడి గడులు ఉన్నాయి. విండోస్ టెర్మినల్‌లో దారి వేరు: అక్కడ సహజంగా రంగు మాత్రమే మారుతుంది, అక్షరం లావు కాదు. కనుక విండోస్‌లో బొద్దు కనిపించడం లేదంటే ఖతిని మార్చే ముందు ఈ అమరికను చూడడం మేలు.

4. లోపం ఎక్కడ ఉన్నదో తేల్చడం:
ప్రోగ్రాములను పక్కన పెట్టి, ‘ప్రింట్‌ఎఫ్’ ఆదేశంతో సంకేతాలను నేరుగా టెర్మినల్‌కు పంపడం మొదటి మెట్టు. నాలుగు వరుసలు చాలు: సంకేతం 1 ఒక్కటే, 31 ఒక్కటే, 1, 31 కలిపి, చివరగా 91. మూడవ వరుస రంగు నాలుగవ వరుసతో సరిపోతే టెర్మినల్ బొద్దును కాంతిగా మారుస్తున్నదని అర్థం, అమరిక మార్చాలి. మూడవది రెండవదాని రంగులోనే ఉండి, మందం మాత్రం పెరిగితే అంతా సవ్యమే. రంగు మారక, మందమూ పెరగకపోతే అప్పుడు మాత్రమే ఖతి వైపు చూడాలి. నేరుగా పంపినప్పుడు సరిగా కనిపించి, ప్రోగ్రాములో కనిపించకపోతే లోపం టెర్మినల్‌ది కాదు. మధ్యలో ఉన్న మరో అంచెది.

5. ఖతి:
లినక్స్‌లో ఒక ఖతికి బొద్దు రూపం అడిగితే నిజంగా ఏ ఫైలు దొరుకుతున్నదో ‘ఎఫ్‌సీ-మ్యాచ్’ ఆదేశం చెబుతుంది. బొద్దు రూపం లేనప్పుడు కృత్రిమంగా లావు చేయడం జరుగుతుంది. ఎక్స్‌టెర్మ్ అయితే అదే అక్షరాన్ని ఒక పిక్సెల్ పక్కకు జరిపి మళ్లీ గీస్తుంది. పాత అచ్చు టెర్మినల్ పద్ధతే మరో రూపంలో తిరిగి వచ్చినట్లు. టెర్మినల్ గడులన్నీ ఒకే వెడల్పు కనుక, బొద్దు రూపం వేరే కుటుంబం నుంచి వస్తే వరుసలు చెదరడమో అంచులు తెగడమో జరుగుతుంది.

తెలుగు అక్షరాలకు ఇది మరింత ఇబ్బంది. టెర్మినళ్లలో వాడే సమవెడల్పు ఖతులలో సాధారణంగా తెలుగు ఉండదు. వ్యవస్థ మరో ఖతిని వెతికి తెస్తుంది. అది నోటో సాన్స్ తెలుగు వంటిదైతే దానికి సొంత బొద్దు రూపం ఉంది. లేనిచోట కృత్రిమ మందమే గతి. చిన్న పరిమాణంలో ఆ మందం ‘థ’ కడుపులోని చుక్కను పూడ్చి ‘ధ’ను తలపిస్తుంది, ‘ప’కు, ‘ఫ’కు మధ్య ఉన్న చిన్న గీత పొరుగు గీతలో కలిసిపోతుంది. ఇంగ్లీషులో బొద్దు చెడితే అందం పోతుంది, తెలుగులో అక్షరమే మారిపోవచ్చు. టెర్మినల్‌లో తెలుగు ఫైలుపేర్లు వాడేవారు ఖతి పరిమాణాన్ని కొంత పెంచుకోవడం, లేదా కృత్రిమ బొద్దును ఆపివేయడం మంచిది.

6. మధ్య అంచెలు:
ప్రోగ్రాములు తాము ఏ టెర్మినల్‌లో నడుస్తున్నాయో ‘టెర్మ్’ అనే పర్యావరణ చలరాశిని చూసి, ఆ పేరుతో ఉన్న టెర్మ్‌ఇన్ఫో వివరాల ప్రకారం సంకేతాలు పంపుతాయి. ఆ పేరు తప్పయితే బొద్దు సంకేతమే వెలువడదు. ‘టీపుట్ బోల్డ్’ ఆదేశం ఖాళీ ఫలితమిస్తే లోపం ఇక్కడే. టీమక్స్ వంటి ప్రోగ్రాముల లోపల ఈ చలరాశికి వేరే విలువ ఉంటుంది; దానిని బయటి టెర్మినల్ పేరుతో బలవంతంగా మార్చడం చాలామంది చేసే పొరపాటు.

సహాయ పుటలు చూపే ‘మ్యాన్’ ఆదేశానిది ప్రత్యేక సందర్భం. దాని వెనుక ఉన్న గ్రాఫ్ కొన్ని పంపిణీలలో పాత అచ్చు పద్ధతిలో అక్షరం మీద అక్షరం కొడుతుంది, మరికొన్నింటిలో నేటి సంకేతాలు పంపుతుంది. మొదటిదానిని ‘లెస్’ తానే గుర్తించి బొద్దుగా చూపుతుంది. రెండవదానికి ‘లెస్’కు పెద్ద ఆర్ ఐచ్ఛికం ఇవ్వాలి; ఇవ్వకపోతే సంకేతాలే అక్షరాలుగా తెర మీద పడతాయి.

బొద్దు మొదలై ఆగకపోవడం మరో ఫిర్యాదు. కొన్ని పాత స్క్రిప్టులు బొద్దును ఆపడానికి 21 వాడతాయి. ప్రమాణంలో 21 అంటే జంట గీతల అధోరేఖ. లినక్స్ కన్సోల్ మాత్రం కెర్నెల్ 4.17కు ముందు దానిని సాధారణ కాంతిగా స్వీకరించేది కనుక ఆ స్క్రిప్టులు అక్కడ సక్రమంగా నడిచాయి. ఇతర టెర్మినళ్లలో అదే స్క్రిప్టు బొద్దును ఆపకపోగా కింద గీతలు కూడా గీస్తుంది. సరైన సంకేతం 22. అది రంగును కదపకుండా మందాన్ని మాత్రమే తొలగిస్తుంది. 0 వాడితే రంగుతో సహా అన్నీ తొలగిపోతాయి.