అంబాసిడరా, ఫియట్టా, మారుతీయా?

కారు అనగానే మనవాళ్ళు ముందు అడిగేది "ఎంతమంది పడతారు?" అని. ఆ లెక్కన అంబాసిడర్‌కి సాటి లేదు. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద తయారైన ఈ బండి పొడవు సుమారు 4.3 మీటర్లు. వెనక సీటు సోఫాయే! గతుకుల రోడ్డు మీద కూడా ఒళ్ళు హూనం కాదు. కాని ఇరుకు సందులో తిప్పాలంటే భుజాలు పడిపోతాయి.

ఇటలీ ఫియట్ 1100 సంతతి అయిన ప్రీమియర్ పద్మిని దానికన్నా పొట్టిది, చేతికి తేలిక. గేరు కడ్డీ స్టీరింగ్ పక్కనే ఉంటుంది. అలవాటయ్యేదాకా కొంచెం తికమకే.

1983 డిసెంబరులో వచ్చిన మారుతీ 800 కథ వేరు. 796 సి.సి., మూడు సిలిండర్ల ఇంజను. దాన్ని అడ్డంగా అమర్చి, శక్తిని ముందు చక్రాలకే ఇచ్చారు. అంచేత వెనక చక్రాల దాకా పొడవాటి షాఫ్టు అక్కర్లేదు; ఆ మేరకు జాగా మనుషులకి మిగిలింది. బండి తేలిక, పెట్రోలు ఆదా. అయితే చక్రాలు చిన్నవి, గుంటలో పడితే నడుముకి తెలుస్తుంది.

ఇక నమ్మకం. అంబాసిడర్ ఆగిపోతే ఏ ఊళ్ళోనైనా మెకానిక్కు స్పానర్‌తో బాగుచేసేవాడు. మారుతీ అసలు ఆగడమే తక్కువ. రెండింటినీ నమ్మకమనే అన్నారుగాని రెండూ ఒకటి కావు. నా ఓటు రెండోదానికే.

అంబాసిడర్, మారుతీ 800 రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇప్పుడు పాతది కొనదలిస్తే ఇంజను కన్నా ముందు అడుగున తుప్పు చూడండి.