ఎంబసీ అనే పేరు లేని ఎంబసీ పని

తెలంగాణ నుంచి మగ్గం పని కోసం సూరత్ వచ్చి, లింబాయత్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి ఇంటి నుంచి ఒక తండ్రి విద్యా రుణం కోసం మా శాఖకు వచ్చారు. కొడుక్కి తైవాన్‌లో ఎం.ఎస్. సీటు వచ్చింది. డిగ్రీ పట్టా మీద ఏజెంటు వేయించుకొచ్చిన ముద్ర చూపించి, "సార్, దీని మీద ఎంబసీ అని ఎక్కడా లేదు. మమ్మల్ని మోసం చేశారా?" అని అడిగారు.

ముద్ర మీద 'తైపే ఎకనామిక్ అండ్ కల్చరల్ సెంటర్' అని ఉంది. ఆయన భయం సహజమే. కానీ అలాంటి కార్యాలయం నిజంగానే ఉంది.

మన దేశం 1949 డిసెంబరు 30న చైనా ప్రజా రిపబ్లిక్‌ను గుర్తించింది. అప్పటి నుంచి తైవాన్‌తో మనకు అధికారిక దౌత్య సంబంధాలు లేవు. అయినా వ్యాపారం, చదువు, ప్రయాణాలు ఆగవు కదా! అందుకే 1995లో తైపేలో 'ఇండియా-తైపే అసోసియేషన్', ఢిల్లీలో ఈ సెంటర్ ఏర్పడ్డాయి. 2012లో చెన్నైలో, 2024లో ముంబైలో సెంటర్ శాఖలు తెరిచారు.

పెద్దల మధ్య రాకపోకలు లేకపోయినా, పిల్లల అవసరాలకు మేనమామ అటూ ఇటూ తిరిగి పని చక్కబెట్టినట్టే ఇదీను. రాయబారి హోదా ఉండదు. వీసాలు, పత్రాల ధ్రువీకరణ మాత్రం జరుగుతాయి. 2011 నాటి ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందం, 2018 నాటి పెట్టుబడుల ఒప్పందం, 2024 ఫిబ్రవరిలో కార్మికుల వలసపై కుదిరిన అవగాహన, అన్నిటి మీదా సంతకాలు ఈ రెండు కార్యాలయాలవే.

అమెరికా కూడా 1979 నుంచి 'అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఇన్ తైవాన్' ద్వారానే ఈ పనులు నడుపుతోంది. సూరత్ వజ్రాల వారికి బాగా తెలిసిన ఇజ్రాయెల్ సంగతి కొంచెం వేరు. మనం 1950లోనే ఆ దేశాన్ని గుర్తించినా, పూర్తి దౌత్య సంబంధాలు 1992లోనే మొదలయ్యాయి. అంతవరకు ముంబైలోని వారి కాన్సులేటే ఆధారం.

కాబట్టి 'ఎంబసీ' అనే మాట లేదని కాగితాన్ని తోసిపుచ్చకూడదు. అలాగని ఏజెంటు మాటనే నమ్మకూడదు. సెంటర్ అధికారిక వెబ్‌సైటులోని చిరునామాకు రాసి, ముద్ర నిజమైనదో కాదో తెలుసుకోవాలి. ఆ తండ్రి ముందు మేమూ అదే చేశాం. నాలుగు రోజులకు జవాబు వచ్చింది: ముద్ర వారిదే. ఆ సాయంత్రమే రుణం దరఖాస్తు పైకి పంపాం.