బారెన్ ద్వీపం అగ్నిపర్వతం

బారెన్ ద్వీపం అండమాన్ నికోబార్ దీవులకు చెందిన ఒక చిన్న ద్వీపము. భారతదేశంలో నేటికీ లావాను వెలిగ్రక్కుతున్న అగ్నిపర్వతం ఇదొక్కటే. రాజధాని శ్రీ విజయపురానికి ఈశాన్య దిశలో సుమారు 140 కి.మీ. దూరాన, అండమాన్ సముద్రంలో ఒంటరిగా ఉన్నది. 2024 సెప్టెంబరు వరకు ఆ రాజధాని పేరు పోర్ట్ బ్లెయిర్. ద్వీపంలో జనావాసం లేదు. ఇది వన్యప్రాణి సంరక్షణ కేంద్రముగా ప్రకటింపబడినది. అటవీశాఖ అనుమతితో పడవలో దాని చుట్టూ తిరిగి చూడవచ్చును గాని, సాధారణ యాత్రికులు ద్వీపంపై కాలు మోపుటకు వీలు లేదు.

ఉనికి, స్వరూపం

మనకు కనబడే ద్వీపం అసలు పర్వతంలో కొన మాత్రమే. ఇక్కడ సముద్రపు అడుగు సుమారు 2,250 మీ. లోతున ఉన్నది. అక్కడ నుండి లేచిన శంకువు నీటిపైకి వచ్చి మరొక 350 మీ. ఎత్తు వరకు పెరిగినది. అనగా మొత్తం కొండ ఎత్తు రెండున్నర కిలోమీటర్లకు పైమాటే. నీటిపైనున్న భాగం దాదాపు గుండ్రముగా, సుమారు 3 కి.మీ. వ్యాసంతో ఉంటుంది.

పూర్వమెప్పుడో జరిగిన పెద్ద ఉద్భేదనంలో కొండ నడిభాగం కుంగిపోయి, సుమారు 2 కి.మీ. వెడల్పుగల గొయ్యి ఏర్పడినది. ఇటువంటి గోతిని కాల్డెరా అంటారు. ఈ గోతి గోడ పడమటి దిక్కున తెగిపోయి సముద్రానికి తెరుచుకొని ఉన్నది. గుర్రపు లాడాన్ని నేలపై పెట్టి చూస్తే ఆకారం బోధపడుతుంది. గోతి మధ్యలో బూడిద, గులకరాళ్ళు పేరుకొని ఏర్పడిన కొత్త శంకువు నిలిచి ఉన్నది. ఇప్పటి ఉద్భేదనాలన్నీ ఈ లోపలి శంకువు నుండే వస్తున్నాయి. పారిన లావా పడమటి తెరపి గుండా దిగి సముద్రంలో కలుస్తుంది. పడవలో వెళ్ళినవారికి కొండ లోపలి దృశ్యం కనబడేది ఈ పడమటి వైపు నుండే. తక్కిన దిక్కుల నుండి చూస్తే పాత గోడల వెలుపలి వాలు, దానిపై చెట్లు మాత్రమే కనిపిస్తాయి.

బారెన్ అనగా ఆంగ్లంలో బీడు, గొడ్డు అని అర్థం. ఆ పేరు లోపలి శంకువుకు సరిపోతుంది కాని ద్వీపమంతటికీ సరిపోదు. వెలుపలి వాలులలో అడవి ఉన్నది, పక్షులు, గబ్బిలాలు ఉన్నాయి. ఎప్పుడో మనుషులు విడిచిపెట్టిన మేకల సంతతి అడవి మేకలుగా మారి అక్కడ జీవించినట్లు అనేకులు వ్రాశారు. చుట్టుపట్ల నీటిలో పగడపు దిబ్బలు, నల్లని లావా శిలల నడుమ తిరిగే మాంటా రే చేపలు నీటమునక ఈతగాళ్ళను ఆకర్షిస్తాయి.

ఎందుకు మండుతున్నది

అండమాన్ దీవుల పడమటి అంచున భారత పలక, బర్మా పలక క్రిందికి మెల్లగా దిగిపోతున్నది. సముద్రపు అడుగుగా ఉన్న ఆ పలక తనతో పాటు నీటిని, తడిసిన మట్టిని, నీటిని ఇముడ్చుకున్న ఖనిజాలను లోపలికి తీసుకొనిపోతుంది. సుమారు వంద కిలోమీటర్ల లోతున వేడికి, ఒత్తిడికి ఆ నీరు బయటపడి పైనున్న శిలలలోకి చేరుతుంది. ఇక్కడే విద్యార్థులు పొరబడేది. పలక దిగినచోట రాపిడి వేడికి రాయి కరుగుతుందని అనుకుంటారు. నిజానికి ముఖ్య కారణం నీరే. నీరు చేరిన శిల, పొడి శిలకంటె తక్కువ ఉష్ణోగ్రతలోనే కరుగుతుంది. మంచుపై ఉప్పు చల్లితే మంచు కరుగుట వంటిదే ఇది. అలా కరిగిన శిలాద్రవం చుట్టుపక్కల రాతికంటె తేలిక కనుక పైకి లేస్తుంది.

ఈ వరుస ఇక్కడితో ఆగదు. ఉత్తరాన నార్కొండం దీవి అగ్నిపర్వతమే గాని చరిత్రకాలంలో ఉద్భేదనం జరిగినట్లు ఆధారం లేదు. దక్షిణంగా సాగితే ఇదే గొలుసు సుమత్రా, జావా అగ్నిపర్వతాలతో కలుస్తుంది. 1883లో ప్రపంచాన్ని వణికించిన క్రకటోవా ఈ గొలుసులోనిదే.

అండమాన్ యాత్రికులు మరొక విషయంలో కూడ తికమక పడుతుంటారు. బారాటాంగ్ దీవిలో చూపించే మట్టి అగ్నిపర్వతాలు పేరుకే అగ్నిపర్వతాలు. అక్కడ భూమి లోపలి వాయువులు బురదను పైకి నెట్టుతాయి. వాటిలో లావా ఉండదు. వాటిని చూసివచ్చి అగ్నిపర్వతం చూశామనుట సరికాదు.

ఉద్భేదనాల చరిత్ర

నావికులు నమోదు చేసిన మొదటి ఉద్భేదనం 1787 నాటిది. 1789లో అండమాన్ తీరాలను కొలత వేస్తున్న ఆర్చిబాల్డ్ బ్లెయిర్ ఈ కొండ మండుటను చూసి వ్రాసిపెట్టెను. పోర్ట్ బ్లెయిర్ అన్న పేరు ఆయనదే. 19వ శతాబ్ది తొలి సంవత్సరాలలోనూ ఉద్భేదనం సాగినది. ఆ శతాబ్దిలోనే భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన ఎఫ్.ఆర్. మాలెట్ ఈ ద్వీపాన్ని పరిశీలించి విపులమైన గ్రంథం ప్రచురించెను. అప్పటికే కొండ చల్లబడినది. తరువాత తరాలవారు దీనిని నిద్రాణ అగ్నిపర్వతంగా పాఠాలు చెప్పుకున్నారు.

1991లో అది మేల్కొన్నది. శతాబ్దానికి పైబడిన విరామం తరువాత మొదలైన ఆ ఉద్భేదనం కొన్ని నెలలు సాగి, లావా సముద్రం వరకు పారినది. పాత పాఠ్యపుస్తకాలలో భారతదేశంలో క్రియాశీల అగ్నిపర్వతాలు లేవని చదువుకున్న తరం అప్పుడు ఆ వాక్యాన్ని కొట్టివేసుకొనవలసి వచ్చినది. అగ్నిపర్వతాలను క్రియాశీల, నిద్రాణ, విలుప్త అని మూడుగా విభజించుట పరీక్షలకు అనుకూలమే. కాని నిద్రాణ అనే మాటకు గడువేదీ లేదని ఈ ఉదాహరణ చెప్పినంత స్పష్టంగా మరొకటి చెప్పదు.

1994-95లో మరల ఉద్భేదనం జరిగినది. 2004 డిసెంబరు 26 నాటి మహాభూకంపం, సునామీ అనంతరం 2005 మే నెలలో మరొకటి మొదలైనది. రెండింటికీ సంబంధం ఉన్నదా అన్న విషయం శాస్త్రజ్ఞుల మధ్య చర్చనీయాంశము. అప్పటి నుండి కొండ అడపాదడపా చురుకుగానే ఉన్నది.

2017 జనవరి 23న గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన సింధు సంకల్ప్ పరిశోధక నౌక దీని దగ్గర సముద్రపు అడుగు మట్టి నమూనాలు తీస్తున్నది. మధ్యాహ్నం వేళ కొండ అకస్మాత్తుగా బూడిద చిమ్మసాగినది. అభయ్ ముధోల్కర్ నాయకత్వంలోని బృందం సుమారు ఒక మైలు దూరం వరకు వెళ్ళి గమనించినది. ఒక్కొక్క విడత ఐదు నుండి పది నిమిషాలపాటు సాగినది. పగటివేళ బూడిద మేఘం మాత్రమే కనబడగా, ప్రొద్దు గ్రుంకిన తరువాత బిలం నుండి ఎగసే ఎర్రని లావా, వాలుల వెంట జారే ప్రవాహాలు కనిపించినవి. జనవరి 26 తెల్లవారుజామున బి. నాగేందర్ నాథ్ నాయకత్వంలోని బృందం మరల వెళ్ళి చూడగా అప్పటికీ పొగ, పేలుడు సాగుతూనే ఉన్నవి. చుట్టుపక్కల తీసిన మట్టిలో బొగ్గువంటి నల్లని అగ్నిపర్వత పదార్థం దొరికినది.

2025 సెప్టెంబరు 13న, 20న రెండు చిన్న ఉద్భేదనాలు నమోదైనవి. వాటివలన ఎవరికీ హాని జరుగలేదు.

సందర్శన

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం జాతీయ వనము వేరు, సంరక్షణ కేంద్రము వేరు. జాతీయ వనంలో నిబంధనలు మరింత కఠినం. బారెన్ ద్వీపం రెండవ కోవకు చెందినదైనను, ఇక్కడ దిగనివ్వకుండుటకు కారణం చట్టం ఒక్కటే కాదు. అగ్నిపర్వతం దగ్గర ప్రమాదం ముందుగా చెప్పి రాదు.

న్యూజీలండ్‌లోని వకారి ద్వీపం ఇందుకు ఉదాహరణము. బారెన్ వలెనే అదికూడ సముద్రంలోని చిన్న అగ్నిపర్వత ద్వీపము. యాత్రికులను పడవలలో తీసుకొనివెళ్ళి బిలం అంచువరకు నడిపించేవారు. 2019 నవంబరులో ప్రమాద సూచికను ఒక మెట్టు పెంచారు గాని యాత్రలు ఆపలేదు. డిసెంబరు 9న ఉద్భేదనం జరిగినపుడు ద్వీపంపై 47 మంది ఉన్నారు. వారిలో 22 మంది మరణించిరి. వారిని బలిగొన్నది లావా కాదు, మండుతున్న ఆవిరి, బూడిద. లావాను చూసి తప్పుకొనవచ్చును. వేడి బూడిద మేఘం నుండి పరుగెత్తి తప్పించుకొనుట సాధ్యం కాదు.

హవాయి దీవులలోని కిలాయియా సంగతి కొంత వేరు. అమెరికాలోని తెలుగువారిలో అగ్నిపర్వతం చూశామని చెప్పేవారు తరచు చూసివచ్చేది ఇదే. 1916లో ఏర్పడిన హవాయి అగ్నిపర్వతాల జాతీయ వనంలో కిలాయియా, మౌనా లోవా రెండూ ఉన్నాయి. 1912 నుండి అక్కడ పరిశోధనాలయం ఉన్నది. కొండ ఉబ్బుటను, కంపించుటను, వాయువులు వదలుటను ఎల్లవేళలా కొలుస్తారు. అక్కడి లావా పలుచన. వాయువు సులభంగా తప్పించుకొంటుంది కనుక పేలుళ్ళు తక్కువ, ప్రవాహాలు ఎక్కువ. అందుచేత బిలం అంచున కట్టిన అరుగుల మీద నిలబడి చూడగలుగుతున్నారు. 2024 డిసెంబరు 23న మొదలైన ఉద్భేదనం 2025 పొడుగునా విడతలు విడతలుగా లావాను ఫౌంటెన్ల వలె ఎగజిమ్మినది. అంతటి కిలాయియా కూడ 2018లో సుమారు 700 ఇళ్ళను మింగివేసినది. ఆ సంవత్సరం వనంలో అధికభాగం నెలల తరబడి మూసివేశారు. బారెన్ మీద అటువంటి శాశ్వత పరిశోధనాలయం లేదు, పారిపోవుటకు దారి లేదు, దగ్గరలో ఆసుపత్రి లేదు. దిగరాదన్న నిబంధన సమంజసమే అనిపిస్తుంది.

వెళ్ళదలచినవారు మొదట శ్రీ విజయపురం చేరవలెను. హైదరాబాదు నుండి విమానంలో వెళ్ళవచ్చును. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవుల నుండి ఓడలు కూడ నడుస్తాయి గాని విశాఖ ఓడ అరుదు. భాష ఇబ్బంది కాదు. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మాతృభాష తెలుగే. వారిలో ఉత్తరాంధ్ర తీరం నుండి వలస వెళ్ళిన మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నవి. అక్కడ నుండి అనుమతి పొందిన పడవలో గాని, యాత్రికుల ఓడలో గాని ద్వీపం చుట్టూ తిరిగిరావచ్చును. రాత్రి బయలుదేరి వేకువకు చేరేట్లు ఏర్పాటు చేస్తారు. చీకటి ఉండగానే చేరితే బిలంపై ఎర్రని కాంతి కనబడే అవకాశం ఉంటుంది. కనబడునన్న హామీ ఏమియు లేదు. చాలా రోజులలో పొగ మాత్రమే కనిపిస్తుంది. డిసెంబరు నుండి మార్చి వరకు సముద్రం నెమ్మదిగా ఉంటుంది. వర్షకాలంలో ఈ ప్రయాణం తగదు. గాలివాటుకు దిగువన పడవ నిలిపితే గంధకపు వాయువు గొంతులో మంట పుట్టిస్తుంది. ఉబ్బసం ఉన్నవారు ముందుగా ఆలోచించుకొనుట మేలు.

హైదరాబాదుతో సంబంధం

కొండకు ఏదైనా జరిగితే మొదట తెలియవలసిన చోట్లలో ఒకటి హైదరాబాదే. అమీర్‌పేట నుండి కూకట్‌పల్లి మీదుగా వెళ్తే ప్రగతినగర్ దగ్గర భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం ఉన్నది. 2004 సునామీ తరువాత, 2007లో దేశపు సునామీ హెచ్చరిక కేంద్రం ఇక్కడ ప్రారంభమైనది. అండమాన్ దగ్గర సముద్రగర్భంలో పెద్ద భూకంపం వస్తే హెచ్చరిక ఇక్కడినుండే వెలువడుతుంది. అగ్నిపర్వతం పుట్టించే సునామీ విషయంలో చిక్కు ఉన్నది. 2018 డిసెంబరు 22న ఇండోనేషియాలో అనాక్ క్రకటోవా కొండ చరియ సముద్రంలోకి జారి సునామీ లేచినపుడు, ముందుగా పెద్ద భూకంపం రాలేదు. నాలుగు వందల మందికి పైగా మరణించిరి. భూకంపాన్ని బట్టి మోగే గంట అటువంటప్పుడు సకాలంలో మోగదు. అందుచేత కెరటాలను నేరుగా కొలిచే సాధనాలు అవసరమవుతాయి. ఇక బూడిద మేఘం విషయంలో విమానాలకు హెచ్చరిక ఇచ్చేది ఆస్ట్రేలియాలోని డార్విన్ కేంద్రము.

పంజాగుట్ట, బంజారా హిల్స్ గుట్టలు కూడ చల్లారిన అగ్నిపర్వతాలేనా అని పిల్లలు అడుగుతుంటారు. కావు. పంజాగుట్టకు రెండు మూడు కిలోమీటర్ల దూరంలోనే, నగరం నడుమ కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనం ఉన్నది. అందులోని బండలు గ్రానైటు. సుమారు 250 కోట్ల సంవత్సరాల క్రితం శిలాద్రవం పైకి రాకుండా భూమి లోపలే నిదానంగా గడ్డకట్టినది. నిదానంగా చల్లారినందున స్ఫటికాలు పెద్దవిగా పెరిగినవి. రాతిలో గులాబీ, తెలుపు, నలుపు పలుకులు కంటికి కనబడుట అందువలననే. పైనున్న రాతిపొరలు కోట్ల ఏండ్లలో కోసుకొనిపోగా ఇవి బయటపడినవి. అగ్నిశిలలే గాని అగ్నిపర్వత శిలలు కావు.

లావా శిలను చేతపట్టి చూడగోరిన నగరవాసి పడమరగా సుమారు 80 కి.మీ. ప్రయాణించి వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండలకు పోవలెను. అక్కడిది బసాల్టు. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం దక్కను పీఠభూమిని ముంచెత్తిన లావా తూర్పు అంచులలో ఇది ఒకటి. వేగంగా చల్లారినది కనుక పలుకులు కంటికి ఆనవు, రాయి నల్లగా, నున్నగా ఉంటుంది. కొండల పైభాగాన అది ఎర్రని జేగురు రాయిగా మారినది. మూసీ నది పుట్టుక ఈ కొండలలోనే. అదే లావా మరింత తూర్పుగా, సుమారు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి రాజమహేంద్రవరం దగ్గరి కాటేరు వరకు చేరినదని భూగర్భ శాస్త్రజ్ఞుల అభిప్రాయము. అక్కడ లావా పొరల నడుమ సముద్రజీవుల శిలాజాలతో కూడిన సున్నపురాయి దొరుకుతుంది. బారెన్ ద్వీపం నుండి ఇంతవరకు వెలువడిన లావా అంతయు దానిముందు ఒక చారెడు.