పదవిలో ఉన్న పాలకుడు నేరవిచారణకు అతీతుడా?



సర్వస్తోత్రములు అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పై శాంతి శుభాలు కలుగుగాక!

న్యాయం పక్షాన స్థిరంగా నిలబడవలసిందిగా దివ్య ఖుర్ఆన్‌లోని సూరా నిసా 135వ ఆయతులో అల్లాహ్ విశ్వాసులను ఆదేశించాడు. సాక్ష్యం మనకే ప్రతికూలమైనా, తల్లిదండ్రులకు, బంధువులకు ప్రతికూలమైనా దాచరాదు. ఎదుటివాడు ధనికుడా, పేదవాడా అని చూడరాదు. మరి ఆ ఎదుటివాడు దేశాధినేతయే అయితే?

మొదట మన దేశ చట్టాన్ని తెలుసుకుందాం. రాజ్యాంగం 361వ అధికరణం ప్రకారం రాష్ట్రపతిపై, గవర్నరుపై పదవీకాలంలో క్రిమినల్ కేసు నడపరాదు, వారిని అరెస్టు చేయరాదు. ప్రధానమంత్రికి, ముఖ్యమంత్రికి ఈ రక్షణ లేదు. రాష్ట్రపతి రాజ్యాంగాన్ని ఉల్లంఘిస్తే ఆయనను అభిశంసించి తొలగించే అధికారం పార్లమెంటుకు ఉన్నది.

ఈ రక్షణ పదవికే గాని మనిషికి కాదు. బాబ్రీ మసీదు కూల్చివేత కేసులో 2017లో సుప్రీంకోర్టు, కల్యాణ్ సింగ్ రాజస్థాన్ గవర్నరుగా ఉన్నంతకాలం ఆయనకు రక్షణ ఉంటుందని, పదవి ముగిసిన వెంటనే అభియోగాలు నమోదు చేయాలని చెప్పింది. 2019లో పదవి ముగిసింది, అభియోగాలు నమోదైనాయి. 2020లో ప్రత్యేక న్యాయస్థానం ఆయనతో సహా నిందితులందరినీ నిర్దోషులుగా ప్రకటించింది. తీర్పు మాట ఎలా ఉన్నా, పదవి విచారణను ఆపగలిగిందే గాని రద్దు చేయలేకపోయింది.

మన తెలుగువారి చరిత్రలోనూ ఒక ఉదాహరణ ఉన్నది. 1969 రాష్ట్రపతి ఎన్నికలో వి.వి.గిరి, నీలం సంజీవరెడ్డిపై గెలుపొందారు. సంజీవరెడ్డిని నిందిస్తూ ఒక కరపత్రం పంచారని, ఎన్నిక చెల్లదని సుప్రీంకోర్టులో పిటిషన్లు పడినాయి. అది క్రిమినల్ కేసు కాదు, ఎన్నిక వివాదం. అయినా రాష్ట్రపతి గిరి పదవిలో ఉండగానే స్వయంగా న్యాయస్థానానికి వచ్చి సాక్ష్యమిచ్చారు. 1970లో పిటిషన్లు కొట్టివేయబడినాయి. న్యాయస్థానం మెట్లెక్కినందువల్ల రాష్ట్రపతి గౌరవం తగ్గలేదు.

ఇక మన ధర్మశాస్త్రం ఏమంటుంది? హనఫీ ఫిఖహ్‌లో ప్రసిద్ధమైన 'హిదాయా' గ్రంథం ఈ ప్రశ్నను చర్చించింది. తనపై మరో పాలకుడు లేని సర్వోన్నత పాలకునిపై హద్ శిక్ష అమలు కాదు. ఎందుకంటే ఆ శిక్షను అమలుపరచే బాధ్యత ఆయనదే; తనపై తానే అమలుపరచుకోలేడు. కాని ప్రాణానికి ప్రాణమనే ఖిసాస్‌లోను, ప్రజల ధనం విషయంలోను ఆయన బాధ్యుడే. అవి హుఖూఖుల్ ఇబాద్, అంటే దాసుల హక్కులు. వాటిని అడిగే అధికారం హక్కు పోగొట్టుకున్నవానిదే.

ఉన్నత వంశానికి చెందిన ఒక స్త్రీ దొంగతనం చేసినప్పుడు ఆమె కోసం సిఫారసు వచ్చింది. దైవప్రవక్త (స) ఆగ్రహించారు. గొప్పవాణ్ణి వదిలి బలహీనుణ్ణి శిక్షించినందువల్లనే పూర్వజాతులు నశించాయని హెచ్చరించారు. తన కుమార్తె ఫాతిమా అయినా శిక్ష తప్పదని ప్రకటించారు.

సోదరులారా! రాష్ట్రపతికి రాజ్యాంగం ఇచ్చిన రక్షణ మనకెవ్వరికీ లేదు. సోమశిల కాలువ ఎగువన పొలమున్నవాడు పలుకుబడితో దిగువవాని వంతు నీటిని మళ్ళిస్తే, మసీదు కమిటీ పెద్ద లెక్క చూపకపోతే, మనం నోరు మెదపము. మనవాడంటాము, పెద్దమనిషంటాము. అది కూడా సాక్ష్యాన్ని దాచడమే. అలాగని ఆరోపణ వినగానే దోషి అనడమూ అన్యాయమే. రుజువు చూపే భారం ఆరోపించినవానిదని దైవప్రవక్త (స) బోధించారు. కనుక అడగండి, వినండి, ఆ పిదపనే నిర్ణయించండి.

ఏ పదవీ కాపాడలేని విచారణ ఒకటి మనందరికీ ఉన్నది. ఆ దినం రాకముందే ఒకరి హక్కులు మరొకరికి అప్పగించే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.